టొలీడో వంతు

నాలుగో పేరు చదివేశారు, ఇంకొక్క జట్టు అయితే మా వంతు, బల్ల మీద నల్ల ఫోన్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. మోగవే తల్లీ, మోగు, అని లోపల్లోపల బతిమాలుతున్నాను. పైకి మాత్రం కాళ్ళు చాపుకుని, చేతులు తల వెనక పెట్టుకుని, ఇలాంటి సాయంత్రాలు ఎన్ని చూశాం అన్నట్టు కూర్చున్నాను, ఎందుకంటే గదిలో అందరి చూపూ కాసేపు టీవీ మీద, కాసేపు నా మొహం మీద. స్టేడియం అడుగున కిటికీ లేని గది ఇది, బయట సరస్సు మీద ఇంకా వెలుగుందో పోయిందో తెలీదు, గోడ నిండా కుర్రాళ్ళ పేర్ల పలకలు, ఏడాదిగా నేనే ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించిన పేర్లు. దేశంలోని ఫుట్‌బాల్ జట్లన్నీ కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఏరుకునే రోజు. నిరుడు ఎంత బాగా ఓడితే అంత ముందు వంతు. మా టొలీడో బాగానే ఓడింది, ఆరో వంతు దక్కింది. ఏరుకునే పని నాది, నా పేరు హార్లన్ బీచమ్, తప్పు మనిషిని ఏరితే ఊరు ఊరంతా తిట్టేది నన్నే. అయినా ఇవాళ నన్ను తొలుస్తున్నది అది కాదు. ఎవరిని ఏరుకోవాలో నాకు తెలుసు, చలికాలం నుంచీ తెలుసు, తెలియని వాళ్ళు మిగతా అందరూ, తెలియకుండా చేసింది నేను, ఆ చేసిందానికి ఫలం ఆ ఫోన్లోంచి రావాలి, రావడం లేదు. పక్క కుర్చీలో మా కోచ్ డువైన్ స్ట్రిక్లర్ పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కాగితం కప్పులో ఊస్తున్నాడు, టప్, టప్, ఆ చప్పుడుకి ఒళ్ళు మండుతోంది. "మోగుద్దంటావా?" అన్నాడు పెదాలు కదపకుండా. మోగుద్దిలే అన్నాను.

ఏప్రిల్ నెలలో మా వృత్తిలో ఎవడూ నిజం చెప్పడు. చెబితే పిచ్చివాడనుకుంటారు. కావలసినవాణ్ణి చూసి ముక్కు విరుస్తాం, అక్కర్లేనివాడి వాకిట్లో కాపురం పెడతాం, అవతలివాడు కంగారుపడి మన చోటు కొనుక్కోవడానికి రావాలి, అదీ ఆట. శాక్రమెంటో వాళ్ళది పదకొండో వంతు, వాళ్ళకి బంతి విసిరేవాడు కావాలి, క్వార్టర్‌బ్యాక్, జట్టుకి పెళ్ళికొడుకు వంటివాడు, ఫొటోలన్నీ వాడివే. మాకు కావలసింది వాడు కాదు, వాడి చూపు పడని ఎడమ పక్కన నిలబడి మీదికొచ్చే వాళ్ళని ఆపేవాడు, టాకిల్, వాడి పేరు పేపర్లో పడేది వాడు తప్పు చేసిన రోజునే. అంచేత క్వార్టర్‌బ్యాక్ మీద మాకు మనసైందని పుకారు పుట్టిస్తే, వాణ్ణి ఎక్కడ ఎగరేసుకుపోతామోనని శాక్రమెంటో భయపడి మా ఆరో చోటు అడుగుతుంది, బదులుగా తన పదకొండూ, వచ్చే ఏటి మొదటి వంతూ ఇస్తుంది, మా టాకిల్ పదకొండు దాకా ఎక్కడికీ పోడు. ఎంత అందంగా ఉంది. కాగితం మీద కూడా పెట్టలేదు, నా బుర్రలోనూ స్ట్రిక్లర్ బుర్రలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. జట్టు విమానంలో ఆ క్వార్టర్‌బ్యాక్ ఉండే లూయిజియానా వెళ్ళాను, ఫొటోగ్రాఫర్లు చూసేలా దిగాను. విలేకరికి ఫోన్ చేసి, మేం ఏరుకునేది వాణ్ణే, నా పేరు రాయొద్దు సుమా అని మరీ చెప్పాను. మా యజమానురాలు మిసెస్ వోయ్‌చిక్‌కి కూడా అదే చెప్పాను, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కనక. మర్నాటికల్లా లాగ్రేంజ్ వీధి చర్చి మెట్ల మీద, చేపల వేపుళ్ళ దగ్గర, మంగలి షాపుల్లో అదే మాట. నేను పైసా ఖర్చులేకుండా ఊరంతా చాటించానని మురిసిపోతుంటే మా ఆవిడ మార్లిస్ చొక్కా మడతపెడుతూ, "నీ అబద్ధాలకి గిరాకీ ఎక్కువైపోతోంది, సరుకు ఎక్కణ్ణించి తెస్తావో చూసుకో" అంది. అప్పుడు నవ్వాను. అయిదో జట్టు ఇంకా ఆలోచిస్తోంది, వాళ్ళకేం తొందర, వాళ్ళ గుండె వాళ్ళ చోటే ఉంది.

టీవీలో ఆ క్వార్టర్‌బ్యాక్ అబ్బాయిని చూపిస్తున్నారు. వేదిక వెనక హాల్లో గుండ్రబల్ల, తెల్లగుడ్డ, దాని మీద నీళ్ళ సీసాలు, వాడి ఫోన్. డాషియల్ ఫోంటెనో, అందరూ డాష్ అంటారు, లేత నీలం సూటు, పక్కన వాళ్ళమ్మ ఓడెట్, ఊదారంగు టోపీ. ఆ టోపీ ఎక్కడ కొన్నారో, వాళ్ళ ఊరు ఒపెలూసస్‌లో దొరికేది కాదు. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది, నేను వెళ్ళిన రోజున బస్సు ఇంటి ముందే ఆపి ఉంది, పసుపుపచ్చ బస్సు, కుక్క దాని నీడలో పడుకుంది. పెరట్లో బల్ల మీద పాత పేపర్లు పరిచి, ఉడికించిన ఎర్ర రొయ్యల్లాంటివి, రొయ్యలు కావు, క్రాఫిష్, బురదలో దొరికేవి, డేగిసాతో సహా బోర్లించింది, మొక్కజొన్న పొత్తులూ బంగాళాదుంపలూ వాటితో పాటు దొర్లాయి. నేను ఒకటి చేత్తో పట్టుకుని చూస్తున్నాను. "తల పీకి, తోక ఒలుసుకుని తినాలండి హార్లన్ గారూ, అలా సూత్తా కూకుంటే దానంతటది నోట్లోకి రాదు." అందరూ నవ్వారు, మేనమామలూ పిన్నులూ, కారం పెదాలకి తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ తర్వాత అన్నం మీద గోధుమరంగు పులుసు పోసిచ్చింది, రెండోసారి కూడా అడిగాను, ఆ అడగడంలో మాత్రం అబద్ధం లేదు. చేతులు కడుక్కుంటుంటే పక్కకొచ్చి మెల్లగా అడిగింది, "మీ ఊళ్ళో మంచు మోకాళ్ళ దాకా పడతాదంటగదండి, వాడికి ఉన్ని బట్టలు ఇప్పుడే కొనెయ్యమంటారా, ఎండాకాలమైతే సవగ్గా వత్తాయి." కొనండి, అన్నాను. అంతే, ఒక్క ముక్క. అబద్ధం ఆడాలనుకుని ఆడింది కాదు, అప్పటికి నోరు ఆ దారిన పడి ఉంది, దానంతటది వచ్చేసింది. శాక్రమెంటో వాళ్ళు ఆ పెరట్లో ఎవరున్నారు?

తర్వాత డాష్ నాతో బంతి ఆడాడు. అరవై దగ్గరపడ్డ నాతో, కంచె దగ్గర నిలబడి, కోడిగుడ్డు లాంటి ఆ తోలుబంతి వాడి వేళ్ళలోంచి బయలుదేరినప్పుడు ఊగదు, వణకదు, గాలిని తొలుచుకుంటూ వచ్చి నా గుండె మీద సరిగ్గా అక్కడే, పట్టుకోనవసరం కూడా లేదు, చేతులు అక్కడ ఉంటే చాలు. అరచేతులు చురచురలాడాయి. ఇన్నేళ్ళలో అలాంటి చెయ్యి రెండోది చూడలేదని నాలో నేనే అన్నాను, ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నా అబద్ధానికి బలం కదా, అయినా చెప్పలేదు, నిజాన్ని ఆ పనికి వాడుకోవడం ఎందుకో సిగ్గేసింది. వాడు చిన్నగా, "సార్, నన్ను పొట్టివాడంటున్నారంట కదా" అన్నాడు. ఎవరన్నారు అన్నాను. "అందరూను. మీరొక్కరే అన్లేదు." అవును, నేననలేదు. నేను కాక అందరూ పొట్టి అన్నారు, కాలేజీ చిన్నది అన్నారు, ఆ ఊరికి అంత సీను లేదన్నారు. నేను వెళ్ళొచ్చాక ఆ మాటలు తగ్గాయి. టొలీడో బీచమ్ అంతటివాడు వెళ్ళి పెరట్లో కూర్చున్నాడంటే ఏదో ఉందిరా, అన్నారు. నా కన్ను అంటే ఈ వృత్తిలో అంత నమ్మకం, నేను దాన్నే పెట్టుబడి పెట్టాను.

మరి ఎందుకు వద్దు, అంత మంచి చెయ్యి ఎందుకు వద్దు, స్ట్రిక్లర్ కూడా ఒకసారి అడిగాడు, తనే మళ్ళీ మొహం తిప్పుకున్నాడు. రెన్నీ కాస్టర్ గుర్తొచ్చి. నిరుడు అక్టోబర్‌లో మా క్వార్టర్‌బ్యాక్, మంచివాడు, నవ్వుమొహం, పై గదిలో నేను అద్దం వెనక నిలబడ్డాను, ఎడమ పక్క గోడ కూలింది, అంటే మా టాకిల్ మనిషి కాలు జారాడు, అవతలి వాడు పోట్లగిత్తలా వచ్చేశాడు, రెన్నీ కుడివైపు చూస్తున్నాడు, వాడికేం తెలుసు. అద్దం వెనక చప్పుడు వినబడదంటారు. నాకు వినబడింది. మోకాలు అటు తిరగకూడదు. వాణ్ణి మోసుకెళ్తుంటే చెయ్యెత్తి జనానికి ఊపాడు, స్టేడియమంతా లేచి నిలబడింది, ఇప్పుడు వాడు చంకలో కర్రతో పిల్లల్ని స్కూల్లో దింపుతున్నాడు. ఆ గోడ ఇంకా అలాగే ఉంది. ఆ గోడ వెనక ఇంకో కుర్రాణ్ణి, అందులోనూ ఆ చేతి వాణ్ణి, నిలబెట్టమంటారా? ముందు గోడ కట్టాలి, తర్వాతే పెళ్ళికొడుకు. నార్త్ డకోటా పొలంలో ఓరిన్ గండర్సన్‌ని చూశాను, ఆరున్నర అడుగులు, తెల్లటి కనుబొమలు, దూడని చంకన పెట్టుకుని బురదలో నడుస్తున్నాడు, పాదం ఎత్తి పెట్టిన చోట పాదం ఉంది, జారదు. మాటలు లేవు. నువ్వాడిన ఆటల్లో నీకిష్టమైంది ఏదీ అంటే చాలాసేపు ఆలోచించి, ఎవరూ పడకుండా ముగిసింది, అన్నాడు. ఆ మాట విన్న రోజునే గోడమీద వాడి పలక ఎక్కడ ఉండాలో నిర్ణయమైంది. డాష్‌ని వద్దనడం డాష్‌కి మంచిదే, వాడి మోకాలు కాపాడుతున్నాను, శాక్రమెంటోలో గోడ గట్టిది, ఎండ ఉంటుంది, ఉన్ని బట్టలు దండగైనా ఫరవాలేదు. ఇలా చెప్పుకుంటూ వచ్చాను రెండు నెలలుగా, స్నానం చేస్తూ, కారు నడుపుతూ, బాగానే అతికింది, ఇవాళ మధ్యాహ్నం దాకా అతికే ఉంది.

అయిదో పేరు వచ్చింది, ఎవడో పరిగెత్తేవాడు, గోడమీద పలక తీసేశారు. టీవీలో మా జట్టు గుర్తు, దాని కింద గడియారం, పది నిమిషాల గడువు, అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. మోగింది. మోగింది, అబ్బ, మోగింది, స్ట్రిక్లర్ కప్పు పక్కన పెట్టాడు, నేను రెండో మోత దాకా ఆగాను, తొందరున్నట్టు కనబడకూడదు కదా, ఎత్తాను. శాక్రమెంటోలో నా పని చేసే మర్విన్ ప్రాట్, ఇరవై ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు బోల్తా కొట్టించుకుంటున్నాం. "గురువా, అభినందనలు చెబ్దామని చేశా" అన్నాడు. దేనికి? "దేనికేంటి, కుర్రాడు నీ చేతికొచ్చాడు గదా. ఆ చెయ్యి చూసి నాకూ నోరూరింది. కానీ నువ్వు వాళ్ళ పెరట్లోనే పొయ్యి పెట్టావని విన్నాక ఇంక నువ్వు వదలవని తేలిపోయింది. పొద్దున్నే డెన్వర్ దగ్గర వాళ్ళ పాత క్వార్టర్‌బ్యాక్‌ని మాట్లాడేసుకున్నాం, రెండేళ్ళకి. రేపు బయటికొస్తది." నేను నవ్వాను అనుకుంటాను. నవ్వే శబ్దం ఏదో చేశాను. ఒకవేళ మేం మనసు మార్చుకుంటే, అన్నాను. "ఏయ్, ఇప్పుడెందుకయ్యా నాటకాలు. నాకే కాదు, అందరికీ తెలుసు. వాడవసరం ఉన్నోళ్ళు తలా ఓ దారి చూసుకున్నారు. ఉంటా మరి, మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు." పెట్టేశాడు. భయపడి రావాలనుకున్నవాడు నమ్మి వెళ్ళిపోయాడు. ఇంత బాగా నమ్ముతారని ఎవడనుకున్నాడు, కొద్దిగా అనుమానం మిగలాలి కదా, కూరలో ఉప్పంత, అది ఉంటేనే బేరం, అది కూడా మిగలకుండా చేశాను, అంత పనివాణ్ణి.

తలా ఓ దారి చూసుకున్నారు. ఆ మాట నెమ్మదిగా లోపలికి దిగింది. అంటే మేం వద్దంటే డాష్‌ని తీసుకునేవాడు లేడు. ఏడు లేదు, ఎనిమిది లేదు, పదకొండు లేదు, గోడమీద జట్ల పేర్లు ఒక్కొక్కటే కళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను, ఎవరికీ అవసరం లేదు, ఉన్నవాళ్ళు వాడు టొలీడో సొత్తని తీర్మానించుకుని ఆ అవసరం వేరే చోట తీర్చేసుకున్నారు. వాడు ఆ బల్ల దగ్గర కూర్చునే ఉంటాడు. పక్క బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి, కెమెరా మాత్రం వాడి దగ్గరే ఉంటుంది, దానికి కావలసింది అదే, లేత నీలం సూటు, ఊదా టోపీ, దించుకున్న తల, దేశమంతా పాప్‌కార్న్ తింటూ చూస్తుంది, రేపటి నుంచి వాడు పొట్టివాడు, చిన్న కాలేజీవాడు, బీచమ్ కూడా చివరికి వద్దన్నవాడు. బీచమ్ కూడా. పోనీ తీసుకుంటే? తీసుకుని, గోడ వచ్చే ఏడు కట్టుకుంటే? రెన్నీ కూడా వచ్చే ఏడు వచ్చే ఏడు అంటూ మూడేళ్ళు నిలబడ్డాడు ఆ గోడ వెనక. అంకెలు నడుస్తున్నాయి, నీళ్ళ గ్లాసు అందుకుంటే అది స్ట్రిక్లర్ పొట్టు కప్పు. "ఏవన్నాడు?" అన్నాడు వాడు. వద్దన్నాడు, అన్నాను.

బల్ల చివర నుంచి మిసెస్ వోయ్‌చిక్ లేచి వచ్చింది, చేతిలో పియరోగీల పళ్ళెం, ఆలుగడ్డ కూరిన కజ్జికాయల్లాంటివి, అలాగే ఉంది, మావగారు పెట్టిన జట్టు, మొగుడు పోయాక ఈవిడే చూసుకుంటోంది, ఎనభై దాటినా ప్రతి ఆటకీ బయట చలిలోనే కూర్చుంటుంది. "ఇంకేం హార్లన్, మా అబ్బాయికి ఫోన్ చెయ్యి. వాళ్ళమ్మతో నేను కూడా ఓ మాట మాట్లాడతా" అంది. మా అబ్బాయి. ఆవిడ అందరి ముందూ ఆ మాట అన్నప్పుడల్లా నేను తలూపుతూ వచ్చాను. ఇప్పుడు ఊపలేదు. మేడమ్, మనం తీసుకునేది గండర్సన్‌ని, అన్నాను. ఆవిడ అర్థంకానట్టు నవ్వింది. "మరి డాష్?" అది అబద్ధం మేడమ్, అన్నాను. "ఎవరికి చెప్పిన అబద్ధం?" శాక్రమెంటోకి. ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టింది, చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా. "మా వంటింట్లో కూర్చుని నాకు చెప్పినప్పుడు శాక్రమెంటో ఎక్కడుందయ్యా, పొయ్యి కిందా?" మేడమ్, ఆ గోడ వెనక వాణ్ణి పెడితే మనం చంపేస్తాం వాణ్ణి, రెన్నీని చూశారు కదా, అన్నాను, ఆ మాట నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది, కుర్రాళ్ళని వెతికిపెట్టే మా స్కౌట్లు కాగితాల్లోకి తలలు దించుకున్నారు. ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది, అంకెల మీదికి నా కన్ను పోకుండా పట్టుకున్నాను. "కాంట్రాక్టులో ఇవాళ ఏరుకోడం నీ ఇష్టం అని రాసుంది. నేనే సంతకం పెట్టాను, కాదన్ను. రేపట్నించి సంగతి నా ఇష్టం." కోటు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే అంది, "నన్ను వెర్రిదాన్ని చేశావు, సరే. ఆ పిల్లాడికి ఎవరు చెబుతారు?"

ఎవరు చెబుతారు, ఎవరూ చెప్పరు, చెప్పడమనేది ఉండదు మా దగ్గర. ఏరుకున్నవాడికి ఫోన్ చేస్తాం, పేరు వేదిక మీద చదివే లోపల, నువ్వు మావాడివిరా అని. ఏరుకోనివాడికి ఫోన్ మోగదు. మోగకపోవడమే వాడికి కబురు. నిమిషం కూడా మిగల్లేదు, హాల్లో ఉన్న మా మనిషికి చెప్పాను, గండర్సన్, ఓరిన్ గండర్సన్, చీటీ మీద రాయి, ఇవ్వు. వాడు అటునుంచి, "ఎవరూ?" అన్నాడు, వాడు కూడా. గండర్సన్, అన్నాను మళ్ళీ, స్ట్రిక్లర్ నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. డకోటాకి ఫోన్ కలిపారు. ఓరిన్, టొలీడో నుంచి హార్లన్ బీచమ్‌ని, వస్తావా మా ఊరు? అవతల ఏమీ లేదు, గాలి, దూరంగా ఆవు. వింటున్నావా బాబూ? "వింటున్నా సార్. మా నాన్న ఏడుస్తున్నాడు, ఒక్క నిమిషం ఆగండి." ఆగాను. ఆ పెద్దాయన ఏడుపు, ఎప్పుడూ ఏడవని మనిషి ఏడుపు, పొలాల మీదుగా వచ్చి నా చెవిలో పడింది, నిజంగా సంతోషమేసింది, ఎంతైనా సరైన మనిషి, సరైన చోటు, పని సవ్యంగా చేశాను, ఇంకెవరేమన్నా సరే. ఫోన్ స్ట్రిక్లర్‌కి ఇచ్చేశాను.

అప్పుడు టీవీ చూశాను. టొలీడో నిర్ణయం అందిందని కింద రాశారు, పేర్లు చదివే కమిషనర్ ఇంకా తెర వెనకే ఉన్నాడు, ఇంకాసేపట్లో వస్తాడు. వ్యాఖ్యాత ఒకడు, అంతా తెలిసినట్టు, "ఇందులో దాపరికం ఏముందండీ, ఈ పేరు మార్చి నెల నుంచీ అందరికీ తెలిసిందే" అంటున్నాడు. డాష్ లేచి నిలబడ్డాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. కూర్చున్నాడు. ఫోన్ వైపు చూశాడు, తిప్పి చూశాడు, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ వాడి కాలర్ సర్దింది, పని లేని సర్దడం, చేతులు ఊరుకోక. ఈ కొద్ది క్షణాల్లో, ఆయన మైకు ముందుకొచ్చి ఆ పేరు చదివే లోపల, వాడికి నేను చెప్పాలి. అందరితో పాటు వినకూడదు వాడు, అంత మందిలో, ఆ వెలుగులో, కనీసం ఒక్క గుక్క ముందు, నా నోటి నుంచి, బాబూ నువ్వు కాదు, తప్పు నీది కాదు, నీ చెయ్యి అంతటిది ఇంకోటి లేదు, తల దించుకోకు, కెమెరా నీ మీదికొస్తోంది, నవ్వు. ఇంత చెప్పాలి. ఎవరూ చెయ్యరు, నేను చేస్తాను. జేబులోంచి నా ఫోన్ తీశాను, వాడి నంబరు పైనే ఉంది, వేలు పెట్టాను, మొదటిసారి నాకు ఈ రెండు నెలల్లో మనసు తేలికపడింది. స్ట్రిక్లర్ నన్ను చూశాడు, నా చేతిలో ఫోన్ చూశాడు, టీవీ చూశాడు, కుర్చీలోంచి సగం లేచి, "హార్లన్, వద్దు, వద్దొద్దు" అన్నాడు. ఎందుకు వద్దో నాకు బోధపడే లోపల అటు వాడు ఎత్తేశాడు.

"సార్" అన్నాడు. వెనక ఒక్కసారిగా కేక, ఒక గొంతు కాదు, పెరట్లో నవ్విన గొంతులన్నీ, కుర్చీలు పడిపోతున్న చప్పుడు, ఎవరో ఏసునామం జపిస్తున్నారు. డాష్, విను, అన్నాను. "థాంక్యూ సార్, నాకు తెలుసు సార్, అమ్మా, టొలీడో, టొలీడో." విను బాబూ, ఒక్క మాట, అని అరిచాను, మా గదంతా నన్నే చూస్తోంది, వాడి గొంతు దూరమైపోయింది, ఎవరో వాణ్ణి లాక్కుపోయారు, చప్పట్లు. ఇన్నేళ్ళు ఈ పని చేశాను, మా వంతు నడుస్తుండగా మా ఊరి నుంచి ఫోన్ మోగితే దానికి ఒకటే అర్థమని నాకంటే బాగా ఎవడికి తెలుసు. టీవీ బొమ్మ జరిగినదానికి కొన్ని క్షణాలు వెనక నడుస్తుంది, అందులో వాడు ఇంకా బల్ల ముందు కూర్చునే ఉన్నాడు. అప్పుడు మోగింది. నేను ఇక్కడ విన్నదంతా మళ్ళీ మొదటి నుంచి చూడవలసొచ్చింది, ఫోన్ వెలగడం, వాడి మొహం వెలగడం, మేనమామ వాణ్ణి ఎత్తేయడం, ఊదా టోపీ ఎగిరి కింద పడడం, దేశమంతా చూస్తుండడం.

చెవిలో ఇప్పుడు ఓడెట్ గొంతు, ఆయాసపడుతూ. "హార్లన్ గారండీ, మీరండీ? దేవుడు సల్లగా సూత్తాడండి మిమ్మల్ని. ఎంతమంది ఎన్నన్నా మీరు మాట మీద నిలబడ్డారండి." ఓడెట్ గారూ, అన్నాను, ఓడెట్ గారూ, ఫోన్ అబ్బాయికివ్వండి. "ఇత్తానండి, నన్ను ముందు సెప్పుకోనివ్వండి, వాడు సిన్నప్పట్నించీ." ఆవిడ వెనక హాల్లో పెద్ద స్పీకర్లలో కమిషనర్ గొంతు మొదలైంది, టొలీడో అంది, జనం హోరెత్తారు, ఆవిడ మాట ఆపి వింది, నేనూ విన్నాను, గండర్సన్, టాకిల్, నార్త్ డకోటా. హోరు ఒక్క క్షణం తడబడింది. ఆవిడ ఊపిరి వినబడుతోంది, డాష్ గొంతు వినబడలేదు, ఎవరో పిల్ల ఇంకా చప్పట్లు కొడుతోంది, ఎవరో ఆపారు. నేను మాట్లాడాలి, ఇందుకే కదా చేశాను, బాబూ తప్పు నీది కాదు అన్న మాట దగ్గర నోరు తెరిచాను, ఆ మాట ఇప్పుడు అబద్ధం కంటే కనాకష్టంగా ఉంది.

"మరి మాకెందుకు ఫోన్ సేసేరండి?" అంది ఆవిడ. కోపం లేదు, నిజంగా తెలీక అడిగింది. తెర మీద ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నాకు దణ్ణాలు పెడుతూ ఉంది, నేను చూస్తూ ఉన్నాను, కొన్ని క్షణాలకి ఆ నవ్వు ఆగింది, ఆవిడ పెదాలు నేనిందాక విన్న ప్రశ్న అడిగాయి.